ఇసబెల్‌కి ఇంటిపేరు వెతికిన ఆవిడ

ఇందులో ఏదో ప్రమాదం ఉందని నేను పసిగట్టింది లిఫ్టు రెండో అంతస్తు దాటి మూడో అంతస్తుకి వెళ్తుండగా. ఒక చేతిలో కూరగాయల సంచులు, భుజం మీద నిద్రపోతున్న నాలుగేళ్ళ కొడుకు, నా చున్నీ కొస పట్టుకుని ఏడేళ్ళ కూతురు. మాతోపాటు ఎక్కిన తెల్లావిడ మెడలో నల్లతాడుకి కట్టిన భూతద్దం వేలాడుతోంది. ఆవిడ నడుం వంచి మా అమ్మాయి కళ్ళలోకి చూసి, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ ఇంగ్లీషులో అడిగారు.

"పెళ్ళికి ముందు మీ అమ్మ ఇంటిపేరేమిటి?"

ఈ భూమ్మీద ఆ ప్రశ్న అడిగేది ఒక్క బ్యాంకువాళ్ళే. ఫోను చేసినప్పుడు, మాట్లాడేది మనమేనని నమ్మడానికి వాళ్ళు అడిగే గుర్తు అది. ఎవరికీ చెప్పొద్దని మా ఆయన నా చేత ఒట్టు వేయించినంత పని చేశారు. ఇప్పుడీ మనిషి నన్ను వదిలేసి నేరుగా పిల్లని పట్టుకుంది. మా అమ్మాయి అసలే అడిగినదానికి ఒకటి, అడగనిదానికి రెండు చెప్పే రకం. అప్పటికే నోరు తెరిచింది.

"దానికి తెలీదు!" అని అరిచి, చేతికందిన బటన్లన్నీ నొక్కేశాను.

లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఆగిన చోటల్లా తలుపు తెరుచుకోవడం, ఎవరూ ఎక్కకపోవడం, మళ్ళీ మూసుకోవడం. మేం మాత్రం ఎదురెదురుగా అలాగే నిలబడి ఉన్నాం. ఎక్కడో ఒకచోట దిగిపోవచ్చు కదా అన్న ఆలోచన నాకు తట్టలేదు.

"ఆ వయసుకి తెలియకపోయినా ఫరవాలేదు," అన్నారావిడ తీరిగ్గా. "మరి నీకు తెలుసా? మీ అమ్మమ్మది?"

ఆ లిఫ్టులో కలిసిన ఆవిడ పోయారని, ఇన్నేళ్ళ తర్వాత, మొన్న శుక్రవారం రెడ్డెమ్మక్క ఫోను చేసి చెప్పింది. "మన అద్దం మామా పోయినాదంటమ్మా. వాళ్ళ ఊర్లోనేనంట. నిద్దర్లోనే పోయినాదంట," అంది. రెడ్డెమ్మక్కది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ కువైట్లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరిలాగే ఇంటి యజమానురాలిని మామా అంటుంది. అప్పట్లో ఆవిడ ఇంట్లో చేసేది, ఇప్పుడు ఆవిడతో కలిసి పనిచేసిన ఇంకో టీచరమ్మ ఇంట్లో చేస్తోంది. కబురు అక్కడ తెలిసింది. ఫోను పెట్టేశాక కూడా నా చెవిలో ఆ లిఫ్టు ప్రశ్నే మోగుతోంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. గ్యాస్ కట్టానో లేదో రెండోసారి చూసి వచ్చి, ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు మాత్రం రాయను. పేర్ల విషయంలో ఆవిడ పట్టింపు తెలిసినవాళ్ళెవరూ ఆవిడని అడక్కుండా ఆ పని చేయరు. ఆవిడది స్కాట్లాండు, సముద్రం ఒడ్డున ఒక జాలరి ఊరు. ఫహాహీల్‌లో ఒక ఇంగ్లీషు స్కూల్లో చిన్నపిల్లలకి చదవడం, రాయడం నేర్పేవారు. మా పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. కింద కాపలా ఉండే హారిస్ పాపం మర్యాదగా "గుడ్ మార్నింగ్ మిసెస్" అంటే, ఎండలో నిలబెట్టి దిద్దేవారు. "మిసెస్ కాదు, మిస్. పెళ్ళి చేసుకున్నాను, పేరు తీసుకున్నాను. రెండూ తిరిగిచ్చేశాను." అతను తల ఊపి, మర్నాడు మళ్ళీ "మిసెస్" అనేవాడు. ఆ పెళ్ళి గురించి ఆవిడ అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. తప్పనిసరైతే "ఆ మనిషి" అనేవారు. ఆ మనిషికి ఒక పేరుంటుందని మాకు తోచేది కూడా కాదు.

ఆవిడ ఎవరిని కలిసినా మొదట అడిగేది వాళ్ళ అమ్మగారి పుట్టింటి పేరు. కొందరు వాతావరణం గురించి అడుగుతారు కదా, అలాగ. కింద బకాలా కొట్టు నడిపే ఈజిప్టు పెద్దాయన్ని అడిగారట. అమ్మ పేరు పరాయివాళ్ళ ముందు పలకడం వాళ్ళలో తప్పని ఆవిడకి తెలియదు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. సంచీలో పెట్టిన పాలడబ్బా తీసి మళ్ళీ అరలో పెట్టేశాడు. ఆవిడ పాలు లేకుండా వచ్చి, మా గుమ్మంలో నిలబడి ఉత్సాహంగా చెప్పారు.

"చెప్పనన్నాడు! ఎంత గౌరవం! మావాళ్ళకైతే తెలియక చెప్పరు. ఈయన తెలిసీ చెప్పలేదు."

"పాలెలా మరి?" అన్నాను.

"నీ దగ్గర ఉంటాయి కదా," అన్నారు.

నన్నూ వదల్లేదు. ఆ పోరు పడలేక కోనసీమలో ఉన్న మా అమ్మకి ఫోను చేసి, అమ్మమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అడిగాను. 

"ఎందుకే ఇప్పుడు? ఎవరికన్నా సంబంధం చూస్తున్నావేంటి?"

"కాదమ్మా, ఊరికే."

"ఊరికే ఇంటిపేర్లు ఎవరడుగుతారే! అబ్బాయి ఏం చేస్తున్నాడు? కువైట్లోనేనా?"

లేని పెళ్ళికొడుకు ఉద్యోగం, జీతం, ఎత్తు అన్నీ అడిగాకే ఆ పేరు చెప్పింది. నేను పైకెళ్ళి చెబితే ఆవిడ నా చేయి పట్టుకుని ఊపేశారు, నేనేదో పరీక్ష పాసైనట్టు.

ఆవిడకి ఈ పిచ్చి ఎందుకు పట్టిందో అప్పుడే తెలిసింది. వాళ్ళ ఊరి పాత చర్చి దొడ్లో, సముద్రానికి ఎదురుగా, వాళ్ళ వంశంవాళ్ళ సమాధి రాయి ఒకటి తుఫాను గాలికి పడిపోయి ముక్కలైంది. వాళ్ళ దేశంలో పూర్వం ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరుతోనే ఉండేవారట. రాతిమీదా ఆ పేరే చెక్కేవారట. రాయి మీద భర్త జాన్ పేరు మిగిలింది. భార్య పేరు ఇసబెల్ అనేదాకా మిగిలింది. ఆ తర్వాతి ముక్క ఏమైందో ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ ఇసబెల్‌కి మునిమనవరాలికి మనవరాలో ఏదో అవుతారు. తను దాచుకున్నదాంతో కొత్త రాయి చేయిస్తున్నారు. రాయి చెక్కేవాడు ఆ ఊళ్ళో సిద్ధంగా ఉన్నాడు. ఆ వేసవితో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది, ఊరెళ్ళిపోతారు. వెళ్ళేలోగా పేరు దొరక్కపోతే "జాన్ భార్య ఇసబెల్" అని చెక్కేస్తానని అతను చెప్పేశాడు.

"ఒకడి భార్య! ఆవిడకి అంతకు ముందు బతుకే లేనట్టు!" అని ఆవిడ బల్ల మీద కొడితే కప్పులు ఎగిరాయి.

పేరు ఉండాల్సిన చోటు ఇంకొకటి ఉంది. చర్చిలో పెళ్ళిళ్ళు రాసే పుస్తకం. ఆ పేజీ నకలు ఆవిడ దగ్గర ఉంది, గోడకి అంటించి. రెండు వందల ఏళ్ళనాటి రాత. ఇసబెల్ అన్నంతవరకు బాగానే ఉంది. ఆ పక్కన చెమ్మ తగిలి పెద్ద మచ్చ. మచ్చలోంచి ఒక పొడుగు గీత, దాని పక్కన ఒక వంకర మాత్రం పైకి కనిపిస్తాయి, నీళ్ళలో మునిగినవాడి చేయిలా. ఆ పొడుగు గీత ఎల్ అనే అక్షరమని ఆవిడ నిశ్చయం. రోజూ స్కూలు నుంచి రాగానే భూతద్దం పట్టుకుని దాని ముందు నిలబడేవారు. మచ్చ చర్చి కప్పు కారడం వల్ల వచ్చిందన్నా ఒప్పుకునేవారు కాదు. తప్పంతా ఆ పుస్తకం రాసిన గుమాస్తాదే. వాడి రాతని ఎర్ర పెన్సిలుతో దిద్దారు కూడా. ఒక చోట సున్నా. ఒక చోట "వరస తప్పుతోంది". పేజీ అడుగున, స్కూల్లో పిల్లలకి రాసినట్టే, "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అని సంతకం. వాడు పిల్లల బాప్తిస్మాలు రాసేటప్పుడు తండ్రి పేరు రాసి, తల్లిని పూర్తిగా ఎగ్గొట్టేవాడట. దానికి ప్రత్యేకంగా ఇంకో సున్నా.

ఏ పేరు సరైనదో తేలనప్పుడు ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టారు. దుకాణంలో గౌన్లు వేసి చూసుకున్నట్టు ఇసబెల్‌కి వారానికొక ఇంటిపేరు తొడిగి చూడటం. ఒక వారం ఇసబెల్ ఫిండ్లే. ఫిండ్లేలు పిసినారులట, అందుకని ఆ వారమంతా ఇసబెల్ చేప తలకాయల పులుసుతో ఇల్లు గడిపేది. తర్వాతి వారం ఇసబెల్ స్లేటర్. స్లేటర్లు పాటగాళ్ళు, కాబట్టి వలలు బాగుచేస్తూ పాడేది. బ్లేయర్ అయిన వారంలో మొగుణ్ణి పడవలోంచి తోసేసింది. మా పిల్లలు రోజూ సాయంత్రం "అమ్మమ్మా" అంటూ పైకెళ్ళి ఆ కథలు విని వచ్చేవారు. "అమ్మా, ఇవాళ ఇసబెల్ మంచిదా, పిసినారిదా?" అని నన్నడిగేవారు. నాకు భయంగా ఉండేది, తోసేసే వారం ఎక్కువ రోజులు సాగితే మా చిన్నాడు పండు నేర్చుకుంటాడేమోనని.

రెడ్డెమ్మక్కకి ఇదంతా అయోమయం. ఒకరోజు నేల తుడుస్తూ ఆగి, నన్ను అడిగింది. "ఏమ్మా, ఆ ఇసబెల్లమ్మ సచ్చిపోయి ఎన్నేండ్లాయ?"

"నూట యాభై ఏళ్ళు దాటి ఉంటుంది."

"ఓయమ్మో! మరి ఇప్పుడు పేరు దెలిస్తే ఏమొస్తాది? పింఛనా?"

"పింఛనేం రాదక్కా."

"చేనుగీను ఏమన్నా ఉండాదా?"

"అదీ లేదు. రాయి మీద రాయించడానికి."

రెడ్డెమ్మక్క కర్రకి గడ్డం ఆన్చి ఆవిడ వంక చాలాసేపు చూసింది. "రాయి కోసరమా మామా ఇంత యవ్వారం! ఖలాస్, ఏదో ఒగటి రాసేయ్‌రాదా!" అంది. ఆవిడకి అర్థమైంది ఖలాస్ ఒక్కటే. "నో ఖలాస్, రెడ్డెమ్మా," అన్నారు గంభీరంగా.

సెలవులు దగ్గర పడుతున్నాయి. మచ్చ మాత్రం మచ్చగానే ఉంది. భూతద్దం బదులు ఇంకా పెద్ద భూతద్దం వచ్చింది. ఆవిడ నవ్వడం తగ్గించారు. రాయి చెక్కేవాడు ఫోను చేసిన రోజు మా ఇంట్లో పెసరట్టు కూడా సరిగ్గా తినలేదు. పెసరట్టు మీద ఆవిడ నారింజ జామ్ రాసుకుని తినేవారు. మా ఆయన ఆ సమయానికి లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయేవారు, చూడలేక.

అలాంటి ఒక మధ్యాహ్నమే ఆ సంగతి జరిగింది. ఆవిడ మా వంటగది బల్ల దగ్గర కూర్చుని అట్టుని ఫోర్కుతో అటూ ఇటూ నెడుతున్నారు. ఆవిడ ఇంట్లో కడిగిన మా గిన్నెలు తిరిగివ్వడానికి వచ్చి రెడ్డెమ్మక్క గుమ్మంలో నిలబడింది. మా పండు కుర్చీ లాక్కెళ్ళి కిటికీ ఎక్కుతున్నాడు. మేముండేది నాలుగో అంతస్తు. 

"సూర్యప్రకాశ్! దిగు! దిగమంటే నీక్కాదూ, సూర్యప్రకాశ్!"

వాడు దిగాడు. ఆవిడ ఫోర్కు కింద పెట్టి, టీచర్ మొహం పెట్టారు.

"వీడి పేరు సత్య అనుకున్నానే. స్కూల్లో అదే అంటారు. ఇంట్లో పండు. ఈ మూడోది ఎవరు?"

"సత్య సూర్యప్రకాశ్ అండీ. అంతా వాడే."

"మరి ఎప్పుడు తిట్టినా సూర్యప్రకాశ్ అనే తిడతావేం? సత్య అని తిట్టగా నేనెప్పుడూ వినలేదు."

రెడ్డెమ్మక్కకి ఇంగ్లీషు రాకపోయినా ఆ పేర్లు, నా మొహం చూసి సంగతి తెలిసిపోయింది. పడిపడి నవ్వింది. "సత్తెమంటే ఈమె మొగుని నాయన పేరు గదా! ఆ పెద్దాయన పేరు పెట్టి కోడలు ఎట్లరుస్తాది? అందుకే కన్నతండ్రి పేరు పెట్టి అరుస్తాండాది. బలే తెలివి!"

సిగ్గేసినా ఆవిడకి విడమర్చి చెప్పక తప్పలేదు. పిల్లవాడు పుట్టగానే మా మావగారు సత్యనారాయణ గారి పేరు పెట్టాలన్నారు. అది మామూలే. మా నాన్న సూర్యప్రకాశరావు గారు ఏమీ అనలేదు. అనకపోవడమే కాదు, బారసాల దాకా ఎవరితోనూ ఏమీ అనలేదు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. చివరికి మా అత్తగారే తేల్చారు. మావగారి పేరు ముందు, మా నాన్న పేరు వెనక. మా నాన్న ఆ పూట రెండుసార్లు పాయసం వేయించుకున్నారు. మావగారి పేరుతో కేకలేయలేను కనక, వాడి అల్లరి మొత్తం మా నాన్న ఖాతాలో పడుతోంది.

ఆవిడ నవ్వారు. చాలా రోజుల తర్వాత. "అయితే మీ నాన్నని పిల్లవాడి పేరులో దాచేశారన్నమాట."

"దాచడం ఎందుకండీ? నలుగురికీ తెలియాలనే కదా పెట్టింది," అన్నాను. అట్టు తిరగేస్తూ, ఊరికే, మాటలో మాటగా అడిగాను. "మీ ఇసబెల్ వాళ్ళ పెద్దవాడికి ఎవరి పేరు పెట్టారు?"

"జాన్ తండ్రి పేరు. మా తీరంలో అదే ఆనవాయితీ."

"మరి ఇసబెల్ వాళ్ళ నాన్న ఊరుకున్నాడా?"

వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ నా వంక చూడటం లేదు. గోడకేసి చూస్తున్నారు, ఆ గోడ మీద ఏ కాగితమూ లేకపోయినా.

"మిగతా పిల్లలున్నారు," అన్నారు నెమ్మదిగా. "చాలామంది. వాళ్ళ బాప్తిస్మాలు నేను తెప్పించుకోలేదు. నేను పెద్దవాడి సంతతిని. తమ్ముళ్ళతో నాకేం పని అనుకున్నాను. ఎలాగూ తల్లి పేరు రాయలేదు కదా అని." లేచి నిలబడ్డారు. "తల్లి పేరు రాయలేదు. పిల్లవాడి పేరు రాయకుండా ఉండడు కదా!"

ఆవిడ అంత వేగంగా మెట్లెక్కడం అదే మొదటిసారి. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. వాళ్ళ పాత పుస్తకాల పేజీలు ఇంటర్నెట్టులో డబ్బు కట్టి చూడొచ్చు. అప్పట్లో కార్డు గీకి, నంబరు కొట్టి, ఫోను లైను మీద ఇంటర్నెట్టు పట్టుకోవాలి. పేజీ పైనుంచి కిందికి ఒక్కో గీత చొప్పున వచ్చేది. నేను పండుని చంకనేసుకుని ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. ఒక కూతురు వచ్చింది, పనికి రాలేదు. రెండో కొడుకు పేజీ రావడం మొదలైంది. జాన్ గారి సొంత కొడుకు... విలియం... ఆ పక్కన, శుభ్రంగా, ఎక్కడా మచ్చ లేకుండా, తల్లివైపు తాతగారి పేరు ఇంటిపేరుతో సహా దిగింది.

విలియం ఫ్లెట్.

నేను చప్పట్లు కొట్టాను. పండు కూడా కొట్టాడు. ఆవిడ కొట్టలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గోడ మీది మచ్చ దగ్గరికి వెళ్ళి, పొడుగు గీతనీ వంకరనీ వేలితో తడిమి వచ్చారు. సరిగ్గా సరిపోతోంది.

"టీ పెడతావా?" అన్నారు.

టీ తెచ్చాక అన్నారు. "ఇది ఆ మనిషి పేరు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పెళ్ళి చేసుకుని నేను తీసుకున్న పేరు. తిరిగిచ్చేసిన పేరు. ఆ మనిషి ఇల్లు వదిలి వచ్చేటప్పుడు తలుపు మీది పలకని చాకుతో ఊడదీసి సముద్రంలో పారేశాను." టీ తాగలేదు. "ఇప్పుడు అదే పేరుని నా డబ్బుతో రాతి మీద చెక్కించాలి. వర్షానికి కూడా పోకుండా."

వాళ్ళ ఊళ్ళో ఇంటిపేర్లు మహా అయితే చేతివేళ్ళకి మించవని ఆవిడే చాలాసార్లు చెప్పారు. మా వైపు కొన్ని వీధులకి వీధులే ఒక ఇంటిపేరు ఉన్నట్టు. అన్ని వారాలు, అన్ని పేర్లు తొడిగి చూశాం కానీ ఇసబెల్ ఒక్క వారం కూడా ఫ్లెట్ కాలేదని నాకు అప్పుడు తట్టింది. ఎప్పుడైనా అనుమానం రాలేదా అని అడిగాను.

"వచ్చింది," అన్నారు. "అందుకే అన్ని పేర్లు వెతికాను."

ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే ఆయన నవ్వాపుకోలేకపోయారు. "అయితే ఇసబెల్ గారు వాళ్ళ మాజీ మొగుడిగారి తాలూకా అన్నమాట! అంటే మేనరికం కదండీ బాబూ! మనవాళ్ళైతే పెళ్ళినాడే ఇంటిపేర్లు ఆరా తీసి తేల్చేసేవారు." నేను కసురుకుంటే, "దానికింత బాధెందుకు, 'జాన్ భార్య' అని పెట్టేస్తే పోద్ది కదా," అన్నారు.

ఆవిడ కథలు చెప్పడం మానేశారు. పిల్లలు పైకెళ్ళి, "ఇవాళ పేరేంటి?" అని అడిగితే, "ఇవాళ సెలవు," అని పంపేసేవారు. కాగితాలు పెట్టెలో సర్దేశారు. నాకు దిగులు పట్టుకుంది. నా పెసరట్ల మధ్య పుట్టిన మాట ఇది. అడక్కుండా ఉంటే ఆవిడ ఏదో ఒక ఇసబెల్‌తో సంతోషంగా ఊరెళ్ళేవారు కదా అనిపించేది.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం పప్పు గిన్నె తీసుకుని పైకి వెళ్ళాను. సగం ఇల్లు పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. రెడ్డెమ్మక్క కిటికీ అద్దాల మీది దుమ్ము తుడుస్తోంది. ఫోను మోగింది. రాయి చెక్కేవాడు. రేపు మొదలుపెడుతున్నాను, పేరు చెప్తావా, చెప్పవా అని.

ఆవిడ ఫోను మీద చేయి అడ్డం పెట్టి, మా ఇద్దరి వంకా చూశారు. మేం ఏదైనా అంటామేమోనని ఆవిడ ఎదురుచూడటం అదే మొదటిసారి. రెడ్డెమ్మక్కకి సంగతంతా అప్పటికే తెలుసు. గుడ్డ పిండుతూ అనేసింది.

"ఆ సన్నాసి పేరెందుకు మామా? ఫిండ్లే బాగుండ్య. అది రాసేయ్. ఎవురు జూడొస్తారు?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. సన్నాసి అన్న మాటకి సరైన ఇంగ్లీషు దొరక్క వదిలేశాను.

ఆవిడ వీపు నిటారుగా అయింది. "ఎవరు చూస్తారా? నేను చూస్తాను. తప్పని తెలిసీ దిద్దకుండా పేజీ తిప్పేస్తానా?" అన్నారు. ఎవరో అడ్డు చెప్పినట్టు గట్టిగా అన్నారు. తర్వాత ఫోనులోకి, పళ్ళు బిగబట్టి, ఒక్కో అక్షరం చెప్పారు. "చివర రెండు టీలు. రెండోది మర్చిపోయావంటే మళ్ళీ చెక్కిస్తాను."

అవతలివాడు ఏదో అన్నాడు. వాడూ ఆ ఊరివాడే, అన్ని సంగతులూ తెలిసినవాడే.

"కాదు," అన్నారావిడ. "ఈవిడ ఆ మనిషి తాలూకు కాదు. కావాలంటే వాడే ఈవిడ తాలూకు ఎవడో అయ్యుంటాడు. పేరు ముందు ఈవిడది."

ఫోను పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళారు. దూరంగా సముద్రం దుమ్ములో మసగ్గా ఉంది. బాధగా ఉందా అని అడిగాను.

"ఉంది," అన్నారు. "దిద్దినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఉంటుంది." తర్వాత పప్పు గిన్నె మూత తీసి వాసన చూసి, "దీని మీదకి జామ్ బాగుంటుందా?" అని అడిగారు. రెడ్డెమ్మక్క నెత్తి కొట్టుకుంది.

వెళ్ళే రోజు రాత్రి కారు దాకా వెళ్ళాం. హారిస్ పెట్టెలు ఎక్కించి, "గుడ్ బై, మిస్," అన్నాడు. ఆవిడ ఆగి, అతని చేయి పట్టుకుని ఊపి, అతనికి పూర్తి మార్కులు వేశారు. మా పిల్లలిద్దరూ అప్పుడు నిద్రలో ఉన్నారు. లేపితే ఏడుస్తారని లేపలేదు. అసలు సంగతి, చెప్పడం ఎలాగో నాకు తెలియదు. ఆ రాత్రంతా రకరకాల అబద్ధాలు కూర్చుకుంటూ పడుకున్నాను. సెలవులకి వెళ్ళారని, వచ్చేస్తారని, ఒంట్లో బాగాలేదని.

మర్నాడు పొద్దున్న పాలు తాగకుండానే ఇద్దరూ పైకి పరిగెత్తి, తాళం చూసి కిందికి వచ్చారు.

"అమ్మమ్మ ఏది?" అన్నాడు పండు.

కూర్చుకున్నవేవీ నోటికి రాలేదు. "వాళ్ళ ఊరెళ్ళిపోయారు నాన్నా. ఇసబెల్ పేరు రాయి మీద చెక్కుతున్నారు. దగ్గరుండి చూసుకోవాలి కదా."

"చెక్కడం అయ్యాక వచ్చేస్తుందా?"

"రారు."

వాడు నేల మీద కూలబడ్డాడు. మా అమ్మాయి మాత్రం ఏదో ఆలోచిస్తూ నిలబడింది. "మరి ఇసబెల్ ఇన్నాళ్ళూ పేరు లేకుండా ఎలా ఉందమ్మా?"

"పేరెందుకు లేదు? ఉంది," అన్నాను. "పిలిచేవాళ్ళే లేరు. అందుకే ఆవిడ వెళ్ళారు."